వెనక నుంచి లెక్కపెట్టండి: నెలసరి పుస్తకం రాసుకునే పద్ధతి

మా అమ్మ వంటింట్లో తలుపు వెనక గోడ క్యాలెండరు ఉండేది. పాలు పోయించుకోని రోజుకు అడ్డగీత, గ్యాసు బండ మార్చిన రోజుకు 'గ్యా', చీటీ డబ్బు కట్టిన రోజుకు సున్నా. వీటి మధ్య నెలకొకసారి ఏదో ఒక అంకె కింద పెన్సిలుతో చిన్న చుక్క. దాని గురించి ఎవరూ అడిగేవారు కాదు, ఆమె చెప్పేదీ కాదు. నేను పెద్దమనిషినయ్యాక అదే క్యాలెండరులో నాకూ ఒక చుక్క మొదలయింది, ఎర్ర పెన్నుతో.

ఆ చుక్క ఉన్నది ఇంటి అవసరానికి. సత్యనారాయణ వ్రతం ఏ వారం పెట్టుకోవచ్చు, తిరుమలకు ఎప్పుడు బయల్దేరవచ్చు, ఎవరి పెళ్లికి ఎవరు దూరంగా కూర్చోవలసి వస్తుంది, ఇదంతా తెలియడానికి. నెలలో మిగతా ఇరవై చిల్లర రోజుల్లో నా ఒళ్లు, నా మనసు ఏం చేస్తున్నాయో ఆ చుక్క చెప్పదు. నలభై దగ్గరపడ్డాక ఒక పుస్తకం తీసుకుని ఆ మిగతా రోజులు రాయడం మొదలుపెట్టాను. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

కావలసినవి: ఒక నోటుపుస్తకం, పెన్ను, రోజుకు ఒక నిమిషం, ఆరు నెలల ఓపిక. మూడు నెలలు చాలని చాలామంది అంటారు. మూడు నెలలకు ఒక బొమ్మ కనిపించే మాట నిజమే కానీ, నన్ను సరిగ్గా ఆ మూడు నెలల బొమ్మే తప్పుదారి పట్టించింది. ఆ సంగతి కింద వస్తుంది.

ముందు లెక్క సరిచేసుకోండి

"పోయిన నెల పన్నెండున కదే వచ్చింది, ఈసారి ఎనిమిదికే వచ్చిందేమిటే? నాలుగు రోజులు ముందొచ్చింది" అని అమ్మ కంగారుపడేది. నిజానికి ముందూ రాలేదు, వెనకా రాలేదు. మార్చి 12 నుంచి ఏప్రిల్ 8 వరకు లెక్కపెడితే 27 రోజులు. క్యాలెండరు నెలకు 30, 31 రోజులుంటాయి, మన ఒంటికి ఆ సంగతి తెలియదు. 28 రోజులకోసారి నెలసరి వచ్చేవారికి ప్రతి నెలా రెండు మూడు రోజులు 'ముందే' వచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి తేదీతో తేదీని పోల్చడం మానెయ్యండి, రోజులు లెక్కపెట్టండి.

ప్యాడు పెట్టుకోవలసినంత ఎర్రటి స్రావం మొదలైన రోజు ఒకటో రోజు. అంతకు ముందు కనిపించే గోధుమరంగు మరక లెక్కలోకి రాదు, పక్కన రాసుకుంటే చాలు. రాత్రి పదకొండుకు మొదలైతే ఏం చేయాలి? నేను ఆ రోజునే ఒకటిగా వేస్తాను. మీరు మర్నాడు వేసుకున్నా నష్టం లేదు, ప్రతిసారీ అదే నియమం పాటిస్తే సరి. ఒకటో రోజు నుంచి తర్వాతి నెలసరికి ముందు రోజు వరకు ఒక చక్రం.

పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజుల మధ్య ఎంతైనా మామూలే. రజస్వల అయిన మొదటి రెండు మూడేళ్లలో 45 రోజుల వరకు సాగినా కంగారు పడనక్కరలేదు. స్రావం రెండు నుంచి ఏడు రోజులు ఉండవచ్చు. మీ పక్కింటావిడకు ఇరవై ఎనిమిదో రోజున గడియారం కొట్టినట్టు వస్తుందని మీరు బెంగపెట్టుకోకండి.

రోజుకో వరుస

పడుకునే ముందు ఒక్క వరుస రాయండి. తేదీ, చక్రంలో ఎన్నో రోజు, ఎన్ని గంటలు నిద్రపోయారు, ఓపికకు ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె, మనసుకు ఇంకో అంకె, ఒంట్లో ఏమైనా ఉంటే అది, చివర ఆ రోజు జరిగిన సంగతి ఒకటి. నా పుస్తకంలో రెండు వరుసలు చూడండి:

జూన్ 14. 12వ రోజు. నిద్ర 6. ఓపిక 4. మనసు 4. ఒళ్లు: ఏమీ లేదు. సంగతి: ఆడపడుచు వాళ్లు వచ్చారు, పదిమందికి పులిహోర కలిపాను.

జూన్ 29. 27వ రోజు. నిద్ర 5. ఓపిక 2. మనసు 1. ఒళ్లు: రొమ్ముల్లో సలుపు, కడుపుబ్బరం. సంగతి: రాత్రి గిన్నెలు తోముతూ ఏడ్చాను.

పదిమందికి వండిన రోజున ఓపిక నాలుగు, మామూలు రోజున రెండు. రాసిన రోజున ఇది నాకు తట్టలేదు.

సంగతి దగ్గర జరిగింది రాయండి, కారణం రాయకండి. 'హార్మోన్ల వల్ల ఏడ్చాను' అని ఆ రాత్రే రాశారంటే తీర్పు ముందే ఇచ్చేసినట్టు, ఇక పుస్తకం చెప్పేదేమీ ఉండదు. అలాగే ఏ రోజుది ఆ రోజే రాయాలి. వారం ఆగి గుర్తు తెచ్చుకుని నింపితే మనసు మోసం చేస్తుంది. నెలసరికి ముందు చిరాకుగా ఉంటుందని ముందే నమ్మినవాళ్లకు ఆ వారంలోని చిరాకులే గుర్తుంటాయి, పదో రోజున అరిచిన అరుపు గుర్తుండదు. నెలసరికి ముందు మనసు తీవ్రంగా కుంగిపోయే జబ్బును నిర్ధారించడానికి వైద్యులు కనీసం రెండు చక్రాలు రోజూ రాసిన పట్టిక అడిగేది ఇందుకే. ఒక రోజు మరిచిపోతే ఖాళీగా వదిలెయ్యండి, కల్పించి రాయకండి.

జ్వరం, ప్రయాణం, రాత్రి డ్యూటీ, ఉపవాసాలు, కొత్తగా మొదలుపెట్టిన మందులు, థైరాయిడ్ మాత్ర మోతాదు మారడం, ఇవన్నీ తప్పకుండా రాయాలి. మన ఇళ్లలో ఇంకొకటుంది, వాయిదా మాత్ర. పెళ్లికో, గృహప్రవేశానికో, తిరుమల ప్రయాణానికో మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ఆ మాత్రలో సాధారణంగా ఉండేది నోరెథిస్టిరోన్. అది ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. ఆ నెల వాడారని రాసుకుని, ఆ చక్రాన్ని లెక్కల్లోంచి తీసెయ్యండి. రక్తం గడ్డకట్టే జబ్బు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు దాన్ని డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. వదిన వేసుకుంది కదా అని వేసుకునే మాత్ర కాదు అది.

గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవారికి నెలనెలా కనిపించేది అసలు నెలసరి కాదు, మాత్ర ఆపిన రోజుల్లో వచ్చే స్రావం. కింద చెప్పే అండం లెక్కలు వాళ్లకు వర్తించవు. కాపర్ టీ ఉన్నవాళ్లకు మాత్రం వర్తిస్తాయి. అది అండాన్ని ఆపదు, స్రావం మాత్రం కొంచెం ఎక్కువ కావచ్చు.

ఫోను యాప్ వాడవచ్చా? వాడవచ్చు. ఫ్లో అనే యాప్ వాడకందార్ల ఆరోగ్య సమాచారాన్ని ఇతర కంపెనీలకు అందించిందన్న ఆరోపణపై 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ చేసుకుంది. అది చదివాక నేను కాగితమే నయమనుకున్నాను. పైగా యాప్ మీకన్నా ముందే 'ఈ రోజు మీకు చిరాకుగా ఉండవచ్చు' అని చెప్పేస్తుంది. పొద్దున్నే ఆ మాట చదివి ప్రశాంతంగా ఉండగల మనిషిని నేను చూడలేదు.

ఒళ్లు ఇచ్చే గుర్తులు

ఒక్క పేరాలో చెప్పుకుంటే లోపల జరిగేది ఇది. నెలసరి మొదలైనప్పుడు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రెండూ అడుగున ఉంటాయి. ఆ తర్వాత ఈస్ట్రోజెన్ పెరుగుతూ గర్భసంచి లోపలి పొరను మందం చేస్తుంది. అండం విడుదలవుతుంది. అండం వదిలిన చోట ఏర్పడిన కణజాలం ప్రొజెస్టిరాన్ తయారు చేస్తుంది. గర్భం రాకపోతే రెండు హార్మోన్లూ పడిపోతాయి, పొర ఊడి బయటికి వస్తుంది. ఆ పొర నుంచి పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు గర్భసంచి కండరాన్ని బిగిస్తాయి, అదే పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి. అవే పేగుల్ని కూడా కదిలిస్తాయి కాబట్టి ఒకటో రోజున చాలామందికి విరేచనాలవుతాయి. తిన్నది పడలేదని అల్లం రసం తాగుతూ పదిహేనేళ్లు గడిపిన తర్వాత ఈ ముక్క నాకు తెలిసింది.

అండం విడుదలయ్యే రోజుల్ని తెల్లబట్ట చెబుతుంది. మన దగ్గర తెల్లబట్ట అంటేనే జబ్బు అనుకుంటారు. ఎముకలు కరిగి కారిపోతున్నాయనే మాట విని పెరిగినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటిదేమీ లేదు. చక్రం మధ్యలో అది గుడ్డులోని తెల్లసొనలా పారదర్శకంగా, రెండు వేళ్ల మధ్య సాగేలా ఉంటే అండం విడుదలకు ఒళ్లు సిద్ధమవుతోందని అర్థం. ఆ తర్వాత చిక్కబడి తగ్గిపోతుంది. దుర్వాసన, దురద, పెరుగు ముద్దల్లా రావడం, పచ్చటి రంగు ఉంటే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పుస్తకంలో 'పొడి', 'జిగురు', 'సాగుతోంది' అనే మూడు మాటలు చాలు.

కొందరికి ఆ రోజు పొత్తికడుపులో ఒక పక్క పోటు వస్తుంది. ఇంకా ఖచ్చితంగా తెలియాలంటే ఉష్ణోగ్రత ఉంది. అండం విడుదలయ్యాక ఒంటి వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ వరకు పెరిగి నెలసరి వచ్చేదాకా అలాగే ఉంటుంది. పొద్దున లేవగానే, మంచం దిగకముందే, రెండు దశాంశాలు చూపే థర్మామీటరుతో చూడాలి. పాలు పొంగించి వచ్చి చూస్తే పనికిరాదు. చంటిపిల్లల తల్లులకూ రాత్రి డ్యూటీ వాళ్లకూ ఇది కుదిరేది కాదు, వదిలెయ్యండి. నేనూ పదకొండు రోజులు చూసి వదిలేశాను.

ఒక హెచ్చరిక. ఈ గుర్తులతో, ఈ లెక్కలతో గర్భం రాకుండా చూసుకోవచ్చని అనుకోకండి. వీర్యకణాలు లోపల ఐదు రోజుల వరకు బతుకుతాయి, అండం వచ్చే రోజు నెలకోలా మారుతుంది. మనల్ని మనం తెలుసుకోవడానికి చేసే లెక్క వేరు, దాని మీద కుటుంబ నియంత్రణ నడపడం వేరు.

అసలు కిటుకు ఇక్కడుంది

మూడు చక్రాలు పూర్తయ్యాక పుస్తకం ముందు వేసుకుని కూర్చోండి. అందరూ చేసే పొరపాటు, ఒకటో రోజు నుంచి ముందుకు లెక్కపెట్టి పోల్చడం. 1920లలో జపాన్‌లో క్యుసాకు ఒగినో, ఆస్ట్రియాలో హెర్మన్ క్నాస్ అనే ఇద్దరు వైద్యులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే సంగతి పట్టుకున్నారు. అండం విడుదలకూ ఆ తర్వాత వచ్చే నెలసరికీ మధ్య దూరం దాదాపు స్థిరం, రెండు వారాలు. చక్రం పెరిగినా తగ్గినా సాధారణంగా మారేది అండానికి ముందు భాగమే. కాబట్టి నెలసరి వచ్చిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. నెలసరికి ముందు రోజు మైనస్ 1, దాని ముందు రోజు మైనస్ 2, ఇలా మైనస్ 14 వరకు ఎర్ర పెన్నుతో అంకెలు వేసుకుంటూ పోండి.

నా లెక్క చూపిస్తాను. నెలసరి జూన్ 3న, జూలై 2న, జూలై 30న, ఆగస్టు 31న వచ్చింది. అంటే చక్రాలు 29, 28, 32 రోజులు. మనసు అంకె ఒకటికో రెండుకో పడిపోయిన రోజులు ముందుకు లెక్కపెడితే మొదటి చక్రంలో 25 నుంచి 29, రెండోదాంట్లో 24 నుంచి 28, మూడోదాంట్లో 28 నుంచి 32. చూస్తే చెల్లాచెదురుగా ఉన్నాయి, పద్ధతేమీ లేదనిపించింది. వెనక్కి లెక్కపెడితే మూడుసార్లూ మైనస్ 5 నుంచి మైనస్ 1. గీటు పెట్టి గీసినట్టు ఒకే చోట.

ఇంకో సంగతి కూడా బయటపడింది. మూడో చక్రం ఎందుకు సాగింది? ఆగస్టు 31కి రెండు వారాలు వెనక్కి వెళ్తే ఆగస్టు 17. అంటే ఆ నెల అండం పందొమ్మిదో రోజుకు గాని విడుదల కాలేదన్నమాట. మామూలుగా నాకు పదిహేను, పదహారు. ఆగస్టు 4 నుంచి 9 దాకా పుస్తకంలో ఏముందంటే, జ్వరం, జ్వరం, జ్వరం, మజ్జిగన్నం. ఆలస్యమైన నెలసరికి కారణాన్ని మనం ఆ వారంలోనే వెతుకుతాం. నిన్న బొప్పాయి తిన్నానా, మొన్న బస్సులో కుదుపులా అని. అది సాధారణంగా రెండు వారాల వెనక, అండానికి ముందు రోజుల్లో దొరుకుతుంది. నెల తప్పే అవకాశం ఉన్నవాళ్లు మాత్రం ఈ పరిశోధన పక్కన పెట్టి ముందు గర్భనిర్ధారణ పరీక్ష చేసుకోండి.

నేను బోల్తాపడిన చోటు

పై తేదీలు మళ్లీ చూడండి. నా చిరాకు రోజులు జూన్ 27 నుంచి, జూలై 25 నుంచి, ఆగస్టు 26 నుంచి. మూడూ నెలాఖరులే. మా ఇంట్లో ఇంటి అప్పు వాయిదా ఒకటో తేదీన కోసుకుంటారు. అంతకు ముందు నాలుగు రోజులు ఖాతాలో ఎంతుందో లెక్కలు. మరి నా ఏడుపు హార్మోన్లదా, బ్యాంకుదా?

మూడు నెలల పుస్తకం దీనికి జవాబు చెప్పలేదు. చెప్పిందనుకుని నేను అంతా హార్మోన్ల పద్దులో రాసేసుకున్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడాన్ని కూడా.

జవాబు నవంబరులో వచ్చింది. ఆ తర్వాతి నెలసరులు సెప్టెంబరు 28, అక్టోబరు 26, నవంబరు 22. నెమ్మదిగా నెలాఖరు నుంచి జరిగాయి. నవంబరు 17 నుంచి 21 వరకు, ఖాతాలో డబ్బున్న రోజుల్లోనే, మనసు అంకె మళ్లీ ఒకటికి పడింది. అంటే దిగులు చక్రంతో పాటు నడిచి వచ్చింది. కానీ నిద్ర? నవంబరు 28, 29, 30 తేదీల్లో, చక్రంలో ఏడు, ఎనిమిది, తొమ్మిదో రోజులు, హార్మోన్ల లెక్క ప్రకారం హాయిగా పడుకోవలసిన రాత్రుల్లో, నాలుగేసి గంటల నిద్ర. అది చక్రంతో రాలేదు, తేదీని అంటిపెట్టుకుని అక్కడే ఉండిపోయింది. ఆ నిద్రలేమికి డాక్టరు అవసరం లేదు, వాయిదా తేదీని జీతం పడ్డాక ఐదో తేదీకి మార్పించుకుంటే చాలునని తేలింది. బ్యాంకులో ఒక దరఖాస్తు, రెండు సంతకాలు.

అందుకే ఆరు నెలలంటున్నాను. నెలసరితో పాటు కదిలేది చక్రానిది, తేదీతో ఉండిపోయేది డబ్బుది, వారంతో తిరిగేది ఉద్యోగానిది. మీ పుస్తకంలో ప్రతి ఆదివారం రాత్రీ మనసు రెండుకు పడుతుంటే దానికి మీ అండాశయాలను అనకండి.

చిరాకును ఏం చేయాలి

"నెలసరి దగ్గరపడిందా?" అనే ప్రశ్న మీరు వినే ఉంటారు. కోపంగా ఏదైనా అనగానే ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు నవ్వుతూ అంటారు. ఆ మాటతో మీరు చెప్పిన విషయం గాల్లో కలిసిపోతుంది. కొన్నాళ్లకు మనమే మనల్ని అలా అనుకోవడం మొదలుపెడతాం, ఇంకా నష్టం అదే.

నెలసరికి ముందు ఇబ్బంది పడే ఆడవాళ్లలో హార్మోన్లు మోతాదు మించి ఉండవు. అందరిలోనూ జరిగే మామూలు హెచ్చుతగ్గులకు వాళ్ల మెదడు ఎక్కువగా స్పందిస్తుంది. ఎండాకాలం చెరువులో నీళ్లు తగ్గితే అడుగునున్న రాళ్లు బయటపడతాయి. వాటిని ఎండాకాలం తెచ్చి వెయ్యలేదు.

కాబట్టి నేను చేసేది ఇది. మైనస్ 5 నుంచి మైనస్ 1 వరకు వచ్చిన కోపాలన్నీ పుస్తకం చివరి పేజీలో విడిగా రాస్తాను. ఆ రోజుల్లో పెద్ద నిర్ణయాలు తీసుకోను, రాసిన ఉత్తరాలు పంపను, అలాగని చింపెయ్యను. నెలసరి వచ్చి వారం దాటాక ఆ పేజీ చదువుతాను. ఆరు నెలల జాబితాలో పక్కింటి టీవీ శబ్దం ఒకసారి ఉంది. పెద్దపిన్ని ఫోనులో అన్న మాట ఒకసారి ఉంది. రాత్రి గిన్నెలు ఐదుసార్లు ఉన్నాయి. ఒకసారి వచ్చి పోయినవాటిని కొట్టేశాను. ఐదుసార్లు వచ్చింది మైనస్ 3 నాటి పిచ్చి కాదు, ఏడాది పొడవునా ఉన్న ఫిర్యాదు.

తొమ్మిదో రోజున, భోజనాలయ్యాక, ఆయనతో అన్నాను. "వారంలో మూడు రోజులు రాత్రి గిన్నెలు మీరు తోమండి."

"ఇంత మామూలుగా చెబుతున్నావేమిటి? ఎప్పుడూ ఏడుస్తూ కదా చెప్పేదానివి."

"ఏడుస్తూ చెబితే మీరు మాత్ర తెచ్చిస్తున్నారు."

సోమ, బుధ, శుక్ర అని ఒప్పందం కుదిరింది. మాడిన గిన్నెను మాత్రం నీళ్లు పోసి నానబెట్టి మర్నాటికి, అంటే నా వంతుకు, వదిలేస్తారు. దానికి ఇంకో పుస్తకం పెట్టాలి.

మీ జాబితాలో ఉండేది గిన్నెలు కాకపోవచ్చు. పద్ధతి మాత్రం అదే. కోపం వచ్చిన రోజున రాయండి, చెరువు నిండిన రోజున మాట్లాడండి.

ఇంటర్నెట్టులో దొరికే నాలుగు రుతువుల పట్టిక

చక్రాన్ని నాలుగు ఋతువులుగా విడగొట్టి, ఏ వారం ఏ గింజలు తినాలి, ఏ వ్యాయామం చేయాలి, ఎప్పుడు జీతం పెంచమని అడగాలి అని చెప్పే రంగురంగుల పట్టికలు ఇప్పుడు చాలా తిరుగుతున్నాయి. వాటి వెనక గట్టి ఆధారాలు లేవు. ముఖ్యంగా అవి సగటు మనిషికి గీసినవి. నా పుస్తకంలో నాకు ఓపిక బాగా ఉండేది రెండో రోజు మధ్యాహ్నం నుంచి, నొప్పి తగ్గగానే. ఏ పట్టికలోనూ ఆ మాట లేదు. నువ్వులుండలు ఇష్టమైతే ఏ వారమైనా తినండి. హాస్టల్లో కలిసి ఉంటే అందరికీ ఒకేసారి వస్తుందనే మాట కూడా ఇలాంటిదే. 1971లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంతో అది ప్రచారమయింది, తర్వాతి పరిశోధనలు దాన్ని బలపరచలేదు.

పుస్తకం డాక్టరు దగ్గరికి వెళ్లమనే చోట్లు

చక్రాలు పదేపదే 21 రోజులకు లోపు, 35కు పైన ఉంటే. గర్భం లేకుండా మూడు నెలలు రాకపోతే. ఏడు రోజులు దాటి సాగితే. గంటకో ప్యాడు నిండా తడిసిపోతూ కొన్ని గంటలు గడిస్తే. రూపాయి బిళ్ల కన్నా పెద్ద గడ్డలు పడుతుంటే. రెండు నెలసరుల మధ్య, కలయిక తర్వాత, లేదా ముట్లుడిగి ఏడాది దాటాక రక్తం కనిపిస్తే వెళ్లాలి. వీటిలో చివరిదాన్ని ఒక్క చుక్కయినా సరే తేలిగ్గా తీసుకోకండి.

నొప్పి సంగతి. 'ఆడపుట్టుక పుట్టాక తప్పదు' అని మనవాళ్లు సర్దిచెబుతారు. ఇబుప్రోఫెన్, మెఫెనామిక్ ఆమ్లం లాంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటాయి, కాబట్టి నొప్పి ముదిరాక కన్నా మొదలవుతుండగానే, తిన్న తర్వాత వేసుకుంటే బాగా పనిచేస్తాయి. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరును అడగాలి. మెఫెనామిక్ ఆమ్లం అరుదుగా తీవ్రమైన అలర్జీ తెస్తుందని 2023 నవంబరు చివర్లో భారత ఔషధ ప్రమాణాల సంస్థ హెచ్చరించింది, ఒంటి మీద దద్దుర్లు, జ్వరం వస్తే వెంటనే ఆపండి. మాత్ర వేసుకున్నా మంచం దిగలేని నొప్పి ప్రతి నెలా ఉంటే అది మామూలు నొప్పి కాదు. ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొర లాంటిది దాని బయట పెరిగే జబ్బు, కావచ్చు, చూపించుకోవాలి.

ఓపిక అంకె నెలసరి రోజుల్లోనే కాక నెలంతా రెండు దాటకపోతే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. 12 గ్రాముల లోపుంటే రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి అది ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఇందులో మెరుగేమీ కాదు. అన్నం తినగానే టీ తాగే అలవాటుంటే గంట ఆగి తాగండి, తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. బాగా తగ్గిపోయాక తోటకూరతో, బెల్లంతో మాత్రమే పూడదు, మాత్రలు కావాలి.

మనసు అంకె పక్కన మీరు ఎప్పుడైనా 'బతకాలని లేదు' అని రాసి ఉంటే, అది నెలసరి రాగానే పోయినా సరే, పుస్తకం మూసి పెట్టకండి. నెలసరికి ముందు వచ్చే ఆ తీవ్రమైన కుంగుబాటు చికిత్స ఉన్న జబ్బు. మానసిక వైద్యులకు ఈ పుస్తకమే చూపించండి. ప్రభుత్వం నడిపే మానసిక సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

ఇక నలభై దాటినవాళ్ల మాట. ముట్లుడగడానికి కొన్నేళ్ల ముందు నుంచే చక్రాలు దగ్గరపడటం, తర్వాత దూరం కావడం, ఒక్కోసారి స్రావం ఎక్కువ కావడం జరుగుతాయి. ఆ దశలోనే మన దగ్గర "గర్భసంచి తీయించేసుకో, పీడ పోతుంది" అనే సలహా వస్తుంది. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నట్టు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపిస్తున్నాయి. నిజంగా అవసరమైన సందర్భాలు ఉంటాయి. కానీ 'ఎక్కువగా అవుతోంది, తెల్లబట్ట ఉంది' అన్న రెండు మాటల మీద ఆపరేషన్ బల్ల ఎక్కకూడదు. మాత్రలు, హార్మోన్ ఉండే లూప్ లాంటి మార్గాలు ఉన్నాయా అని అడగండి, ఇంకో డాక్టరుకు చూపించండి. చేతిలో రాతపూర్వకమైన లెక్క ఉన్న మనిషితో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది, ఇది నేను స్వయంగా చూసిందే.

డాక్టరుకు పుస్తకమంతా ఇవ్వకండి, చదివే తీరిక ఉండదు. ఒక తెల్లకాగితం మీద గత ఆరు నెలసరుల మొదటి రోజుల తేదీలు, ఒక్కోసారి ఎన్ని రోజులు అయింది, అన్నిటికన్నా ఎక్కువ అయిన రోజున నిండా తడిసిన ప్యాడ్లు ఎన్ని, వాడుతున్న మందులు, మిమ్మల్ని బాధిస్తున్న రెండు విషయాలు రాసుకుని వెళ్లండి. "చివరిసారి ఎప్పుడు వచ్చింది?" అనే మొదటి ప్రశ్నకు పక్కనున్న ఆయన వైపో అమ్మ వైపో చూడకుండా ఆ కాగితం చూసి చెప్పండి. లోపలికి వెళ్లేముందే దాన్ని ఫోనులో ఫొటో తీసుకోండి, కాగితం ఎలాగూ ఆసుపత్రి ఫైల్లో ఉండిపోతుంది.